క్యాలిబర్ మారినప్పుడు మారాల్సినవి

పిస్టల్ భాగాలను ఒక క్యాలిబర్ నుంచి మరో క్యాలిబర్‌కు మార్చే పనిలో ముందుగా చూడవలసింది పిస్టల్‌ను కాదు, తూటాను. బ్యారెల్, స్లైడు, మ్యాగజీన్, స్ప్రింగు అన్నీ ఒకానొక తూటా కొలతలను బట్టి తయారైనవే. రెండు తూటాల మధ్య ఏ కొలత మారుతోందో తెలిస్తే ఏ భాగం మార్చాలో తెలుస్తుంది. అది తెలియకుండా పట్టింది కదా అని బిగించిన భాగం, మొదటి తూటా పేలేదాకా బాగానే కనిపిస్తుంది.

తూటాలో చూడవలసిన సంగతులు ఐదు. బుల్లెట్ వ్యాసాన్ని బట్టి బ్యారెల్ లోపలి రంధ్రం ఉంటుంది. ఇత్తడి తొడుగు పొడవు, ఆకారాలను బట్టి ఛాంబర్, అంటే బ్యారెల్ వెనక భాగంలో తూటా కూర్చునే గది, ఉంటుంది. తొడుగు అడుగున ఉండే అంచును రిమ్ము అంటారు. స్లైడు ముఖంలోని గుంట, ఖాళీ తొడుగును వెనక్కి లాగే కొక్కెం (ఎక్స్‌ట్రాక్టర్) ఈ రిమ్ముకు సరిపోవాలి. తూటా మొత్తం పొడవును బట్టి మ్యాగజీన్, దాన్ని పట్టే పిడి ఉంటాయి. అయిదోది కొలబద్దకు అందదు: పేలినప్పుడు పుట్టే ఒత్తిడి, వెనక్కి తన్నే తన్ను. స్లైడు బరువు, స్ప్రింగు బలం దాని లెక్కలోనే కుదురుస్తారు. తూటాల పెట్టె మీద క్యాలిబర్ పేరుతో అచ్చువేసే అంకె ఈ అయిదింటిలో మొదటిదాన్ని మాత్రమే, అదీ ఉజ్జాయింపుగా, చెబుతుంది. .380 ఏసీపీ, 9 మి.మీ. ల్యూగర్, .38 సూపర్, .357 సిగ్ అనే నాలుగు తూటాల బుల్లెట్లు వ్యాసంలో దాదాపు సమానం, సుమారు 9 మి.మీ.; తొడుగులు మాత్రం నాలుగూ నాలుగు రకాలు. అంకె చూసి భాగాలు కొనేవారు మోసపోయేది ఇక్కడే.

ఈ మార్పిడి అమెరికాలో ఇంత ప్రచారంలోకి రావడానికి .40 ఎస్ అండ్ డబ్ల్యూ తూటా పెద్ద కారణం. 1986 ఏప్రిల్‌లో మయామీలో ఇద్దరు బ్యాంకు దోపిడీదారులతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. 9 మి.మీ. బుల్లెట్ తగినంత లోతుకు దిగలేదన్న అభిప్రాయంతో ఆ సంస్థ 10 మి.మీ. ఆటో వైపు మొగ్గింది. ఆ తూటా చేతికి మరీ గట్టిగా తన్నడంతో మందు తగ్గించి వాడింది. తగ్గించిన మందుకు అంత పొడుగు తొడుగు దేనికని స్మిత్ అండ్ వెసన్, వించెస్టర్ కంపెనీలు కలిసి 1990లో దాన్ని పొట్టిచేసి .40ని తెచ్చాయి. 9 మి.మీ. పిస్టల్ పిడిలోనే ఇమిడే పొడవు కావడంతో పోలీసు శాఖలు దాన్ని విరివిగా తీసుకున్నాయి. 2010ల మధ్యకు వచ్చేసరికి 9 మి.మీ. బుల్లెట్లు బాగా మెరుగుపడ్డాయి, ఎఫ్‌బీఐ మళ్లీ వాటికే తిరిగి వచ్చింది, చాలా శాఖలు అదే దారి పట్టాయి. అవి వదిలించుకున్న .40 పిస్టళ్లు పాత సరుకుగా చవక ధరకు దుకాణాలకు చేరాయి. 9 మి.మీ. తూటా .40 కన్నా చవక. అలాంటి పిస్టల్ కొన్నవారికి ఇంకో పిస్టల్ కొనడం కన్నా ఇంకో బ్యారెల్ కొనడం మేలనిపించింది.

మార్పిళ్లలో అన్నిటికన్నా సులువైనది .40, .357 సిగ్‌ల మధ్య జరిగేది. 1994లో సిగ్, ఫెడరల్ కంపెనీలు తెచ్చిన .357 సిగ్, స్థూలంగా చూస్తే, .40 తొడుగు మెడ నొక్కి అందులో 9 మి.మీ. బుల్లెట్‌ను బిగించిన తూటా. రిమ్ము వ్యాసం రెండింటికీ ఒకటే, 10.8 మి.మీ. మొత్తం పొడవు కూడా దాదాపు ఒకటే, 29 మి.మీ. లోపు. కాబట్టి సిగ్ పీ226, పీ229 లాంటి పిస్టళ్లలో, గ్లాక్ 22లో, బ్యారెల్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది. స్లైడు, ఎక్స్‌ట్రాక్టర్, మ్యాగజీన్ పాతవే పనిచేస్తాయి. తేడా ఒత్తిడిలో ఉంది. అమెరికన్ తయారీదారుల ప్రమాణాల సంస్థ ‘సామి’ లెక్కలో .40 గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు, .357 సిగ్‌ది 40,000. స్ప్రింగు తొందరగా అలిసిపోతుంది కనుక దాన్ని మామూలుకన్నా ముందే మార్చడం మంచిది.

.40 నుంచి 9 మి.మీ.కి దిగడం దీనికన్నా ఒక మెట్టు కష్టం. 9 మి.మీ. రిమ్ము వ్యాసం 10 మి.మీ.కు రవ్వంత తక్కువ. అంటే .40 స్లైడు ముఖంలోని గుంటలో అది వదులుగా కూర్చుంటుంది, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కేనికి పట్టు సుమారు 0.4 మి.మీ. తగ్గుతుంది. మంచి స్థితిలో ఉన్న పిస్టల్లో ఈ తేడా ఏమంత లెక్కలోకి రాదు. ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగు సడలి ఉంటే ఖాళీ తొడుగులు ఇరుక్కోవడం మొదలవుతుంది. ఇందుకోసం విడిగా అమ్మే మార్పిడి బ్యారెళ్లు ఉన్నాయి. వాటి వెలుపలి కొలతలు .40 బ్యారెల్‌వి, లోపలి రంధ్రం, ఛాంబర్ 9 మి.మీ.వి. గోడలు మందంగా ఉంటాయి కాబట్టి బలం విషయంలో లోటు లేదు.

.40 గ్లాక్ 22 ఉన్నవారు 9 మి.మీ. గ్లాక్ 17 అసలు బ్యారెల్‌నే తెచ్చి అందులో పెట్టడం తరచుగా కనిపించే పొరపాటు. రెండు పిస్టళ్లూ పైకి కవలల్లా ఉంటాయి, బ్యారెల్ లోపలికి వెళ్తుంది, స్లైడు మూసుకుంటుంది. కానీ 17 బ్యారెల్ వెలుపలి చుట్టుకొలత తక్కువ. ఈ తరహా పిస్టళ్లలో బ్యారెల్ స్లైడుతో కలిసి కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరిగి, అప్పుడు వెనక కొస కిందికి వంగి స్లైడు నుంచి విడిపోతుంది. జాన్ బ్రౌనింగ్ ఒక శతాబ్దం కిందట రూపొందించిన ఏర్పాటు ఇది. బ్యారెల్ ప్రతిసారీ సరిగ్గా అదే చోటికి వచ్చి గట్టిగా కూర్చుంటేనే తాళం పూర్తిగా పడుతుంది. వదులు బ్యారెల్ ప్రతి గుండుకూ కొద్దికొద్దిగా చోటు మార్చుకుంటుంది; గురి చెదరడం అందులో చిన్న నష్టం.

దీనికి తిరుగు ప్రయాణం, అంటే 9 మి.మీ. పిస్టల్లో .40 బ్యారెల్ పెట్టడం, లేదనే చెప్పాలి. 10.8 మి.మీ. రిమ్ము 10 మి.మీ. రిమ్ము కోసం మలచిన గుంటలో పట్టదు. లావు బ్యారెల్ స్లైడు ముందు కంతలోంచి బయటికి రాదు. ఆ గుంటను, ఆ కంతను ఆకురాయితో పెద్దవి చేసే సాహసం చేసినవారు లేకపోలేదు. స్లైడు ఉక్కుకు పైపొరలో గట్టిదనం పట్టించి ఉంటారు. దాన్ని రాపిడి పెట్టడమంటే ఆ పొరను, దాని కింద ఉన్న బలాన్ని ఒకేసారి పోగొట్టుకోవడం. పెద్ద తూటా కోసం చేసిన స్లైడులో చిన్న తూటాకు చోటు చేయవచ్చు, చిన్నదాని స్లైడులో పెద్దదానికి చోటు చేయకూడదు అన్న నియమానికి మినహాయింపులు చాలా తక్కువ.

అయితే పెద్దదంటే వ్యాసంలోనా, ఒత్తిడిలోనా అన్నది విడిగా చూడాలి. .45 ఏసీపీ బుల్లెట్ వ్యాసం 11.5 మి.మీ. దాకా ఉంటుంది, దాని గరిష్ఠ ఒత్తిడి మాత్రం 21,000 పౌండ్లే. సన్నటి 9 మి.మీ. తూటాది 35,000. లావు తూటాకు తట్టుకున్న బ్యారెల్ సన్న తూటాకు తప్పకుండా తట్టుకుంటుందన్న ఊహ ఇక్కడ తల్లకిందులవుతుంది. బ్యారెల్ మీద అచ్చువేసిన తూటా పేరు తప్ప మరే ఆధారంతోనూ ఒత్తిడిని ఊహించకూడదు.

ఇక స్లైడు బరువు. 9 మి.మీ. బుల్లెట్ సాధారణంగా 7.5 నుంచి 8 గ్రాములు ఉండి సెకనుకు సుమారు 350 మీటర్ల వేగంతో వెళ్తుంది. .40లో ఎక్కువగా వాడే బుల్లెట్ 11.7 గ్రాములు, వేగం 300 మీటర్ల దరిదాపు. బరువును వేగంతో హెచ్చవేసి చూస్తే 9 మి.మీ. తన్ను .40 తన్నులో సుమారు అయిదింట నాలుగు వంతులు. .40 స్లైడు బరువుగా, దాని స్ప్రింగు గట్టిగా ఉండేది ఆ అదనపు తన్నును మింగడానికే. మార్పిడి బ్యారెల్‌తో బలహీనమైన 9 మి.మీ. తూటాలు వాడితే స్లైడు పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు. అప్పుడు ఖాళీ తొడుగు బయటపడదు, లేదా కొత్త తూటా పైకి రాదు. మందు దిట్టంగా ఉన్న తూటా వాడటం, కుదరకపోతే ఒక అంచె తేలికైన స్ప్రింగు వేయడం దీనికి విరుగుడు. స్ప్రింగు తేలిక చేసినవారు మళ్లీ .40 బ్యారెల్ వేసేటప్పుడు పాత స్ప్రింగును కూడా వేయాలి. మరిచిపోతే స్లైడు ప్రతి గుండుకూ ఫ్రేమును సుత్తిలా మోదుతుంది.

మ్యాగజీన్ విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ సగం ఫిర్యాదులు అక్కడినుంచే వస్తాయి. గ్లాక్ 17, 22 మ్యాగజీన్ల వెలుపలి కొలతలు ఒకటే. ఒకదానిలో 9 మి.మీ. తూటాలు 17, మరోదానిలో .40 తూటాలు 15 పడతాయి. తూటాను పట్టి ఉంచే పైపెదవుల మధ్య ఎడం వేరు. .40 మ్యాగజీన్‌లో 9 మి.మీ. తూటాలు చాలాసార్లు బాగానే ఎక్కుతాయి, ఎప్పుడో ఒకప్పుడు ముక్కు పైకెత్తి అడ్డంపడతాయి. పందెం కాల్పుల్లో అది చికాకు, ఆత్మరక్షణ కోసం ఉంచుకున్న పిస్టల్లో అది పనికిరానితనం. ఖాళీ తొడుగును పక్కకు తన్నే ఎజెక్టర్ కూడా క్యాలిబర్‌ను బట్టి మారుతుంది. గ్లాక్‌లలో అది ట్రిగ్గర్ వెనకున్న చిన్న ప్లాస్టిక్ గూటిలో బిగించి ఉంటుంది, గూటితో పాటే మార్చుకోవచ్చు. మార్చకపోయినా పిస్టల్ పనిచేస్తుంది. ఖాళీ తొడుగులు కాల్చేవారి నుదుటి మీద పడుతుంటే మాత్రం కారణం అక్కడ వెతకాలి.

విడిభాగాల తలనొప్పి లేకుండా పైభాగం మొత్తాన్ని, అంటే స్లైడు, బ్యారెల్, స్ప్రింగు, ఎక్స్‌ట్రాక్టర్ కలిపి ఒకే ముక్కగా, మార్చుకోవడం రెండో పద్ధతి. దీన్ని ఆలోచించి కట్టిన పిస్టల్ సిగ్ పీ320. 2014లో వచ్చిన ఈ పిస్టల్లో వరుస సంఖ్య ఉండేది పిడి మీద కాదు, లోపల ఇమిడే ఉక్కు యంత్రాంగం మీద. ఆ ఒక్క ముక్కే చట్టం దృష్టిలో తుపాకీ. దాని చుట్టూ పిడి, స్లైడు, బ్యారెల్, మ్యాగజీన్ కంపెనీయే సెట్టుగా అమ్ముతుంది. 9 మి.మీ., .40, .357 సిగ్‌లకు పిడి ఒకటే సరిపోతుంది. .45 ఏసీపీ తూటా మొత్తం పొడవు 32 మి.మీ. దాటుతుంది కనుక దానికి పిడి కూడా మారాలి. డబ్బు ఎక్కువవుతుంది, అనుమానాలు తక్కువవుతాయి. ఆ బేరం మంచిదే.

1911 పిస్టల్‌ది ఈ విషయంలో పాత చరిత్ర. .45 ఏసీపీ కోసం పుట్టిన దాని ఫ్రేము మీద కోల్ట్ కంపెనీ 1929లో .38 సూపర్‌ను నిలబెట్టింది. రెండు తూటాల మొత్తం పొడవు దాదాపు సమానం కాబట్టి ఫ్రేము మారలేదు. రిమ్ము మాత్రం 12.2 మి.మీ. నుంచి 10.3కి తగ్గింది. అందువల్ల .45 పిస్టల్‌ను .38 సూపర్‌కు మార్చాలంటే స్లైడు, బ్యారెల్, ఎక్స్‌ట్రాక్టర్, ఎజెక్టర్, మ్యాగజీన్ అన్నీ కావాలి. మిగిలేది ఫ్రేము, ట్రిగ్గర్. పైగా 1911 భాగాలు ఆకురాయితో సరిచూసి బిగించే తరానివి. ఒకే క్యాలిబర్ బ్యారెల్ అయినా ఒక పిస్టల్ నుంచి ఇంకో పిస్టల్లోకి నేరుగా పట్టకపోవచ్చు. ఈ పని గన్‌స్మిత్‌కే వదలాలి.

చవక సాధన కోసం .22 ఎల్‌ఆర్‌కు మార్చడం మరీ వేరు లెక్క. .22 బుల్లెట్ 2.6 గ్రాములు, దాని తన్ను 9 మి.మీ. తన్నులో మూడో వంతు కూడా లేదు. ఉక్కు స్లైడును అది కదిలించలేదు. కోల్ట్ 1930లలో దీనికి ఒక చమత్కారమైన పరిష్కారాన్ని 1911కు మార్పిడి యూనిట్‌గా అమ్మింది. ఛాంబర్‌ను బ్యారెల్‌తో అతికించకుండా వెనక్కి జరిగే చిన్న ముక్కగా చేసి, మందు వాయువు దాని ముందు ముఖాన్ని కూడా తోసేలా చేస్తే స్లైడుకు అందే తోపు పెరుగుతుంది. ఈ తేలే ఛాంబర్‌ను రూపొందించిన డేవిడ్ విలియమ్స్ అంతకు ముందు నార్త్ కరోలినాలో హత్య కేసులో శిక్ష అనుభవిస్తూ జైలు కార్ఖానాలోనే తుపాకులు తయారుచేసినవాడు. 1952లో జేమ్స్ స్టీవర్ట్ అతని పాత్ర వేసిన సినిమా కూడా వచ్చింది. సీసం, మసి పేరుకుని ఛాంబర్ బిగుసుకుపోవడం ఆ ఏర్పాటులోని లోపం. ఇప్పటి .22 సెట్లు ఎక్కువగా ఆ దారి వదిలి అల్యూమినియంతో తేలికైన స్లైడు ఇస్తున్నాయి.

తూటానే మార్పిడికి అనువుగా మలచిన ఉదాహరణ డెజర్ట్ ఈగిల్ పిస్టల్. దాని .50 ఏఈ తూటా తొడుగు లావుగా ఉన్నా రిమ్మును కావాలని లోపలికి తగ్గించి .44 మ్యాగ్నం రిమ్ముతో సమానం చేశారు. అందువల్ల .44 నుంచి .50కి వెళ్లాలంటే బ్యారెల్, మ్యాగజీన్ చాలు, రిమ్మును పట్టే బోల్టు అదే. .357 మ్యాగ్నంకు వచ్చేసరికి రిమ్ము చిన్నది, బోల్టు కూడా మారాలి.

రివాల్వర్లలో స్లైడు, స్ప్రింగుల గొడవ లేదు. .357 మ్యాగ్నం రివాల్వర్ ఏ భాగమూ మార్చకుండానే .38 స్పెషల్‌ను కాలుస్తుంది. దీనికి ఎదురు దిశ కుదరకుండా ఉండాలనే మ్యాగ్నం తొడుగును 3 మి.మీ. పైన పొడుగు చేశారు, .38 రివాల్వర్ సిలిండర్‌లో అది పూర్తిగా కూర్చోదు. రూగర్ బ్లాక్‌హాక్‌లో కొన్ని మోడళ్లు .357కి ఒకటి, 9 మి.మీ.కి ఒకటిగా రెండు సిలిండర్లతో వస్తాయి. ఆ రెండూ కంపెనీలో ఆ రివాల్వర్‌కే సరిచూసి ఇచ్చినవి కనుక వేరే రివాల్వర్ నుంచి సిలిండర్ తెచ్చి పెట్టకూడదు.

క్రీడా పిస్టళ్లలో ఈ ఆలోచన పందెం నియమాల నుంచే వచ్చింది. 25 మీటర్ల పోటీల్లో కొన్నిటికి .22 ఎల్‌ఆర్, సెంటర్‌ఫైర్ పోటీకి 7.62 నుంచి 9.65 మి.మీ. మధ్య క్యాలిబర్ కావాలి. ఒకే పిడి, ఒకే ట్రిగ్గర్ అలవాటుతో రెండింటిలోనూ కాల్చాలనుకునేవారికోసం వాల్తర్ జీఎస్‌పీ లాంటి పిస్టళ్లు .22, .32 పైభాగాలతో తయారయ్యాయి. హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పాల్గొన్న మహిళల 25 మీటర్ల పిస్టల్ పోటీ .22తో జరిగేదే. .32కి మార్చిన జీఎస్‌పీలో మ్యాగజీన్ కూడా వేరు, ఎందుకంటే అందులో వాడే తూటాలో బుల్లెట్ ముక్కు తొడుగు మూతితో సమానంగా చదునుగా ఉంటుంది.

ఏ పద్ధతిలో మార్చినా పరీక్ష ఒకే క్రమంలో సాగాలి. మ్యాగజీన్ తీసి, ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూసి వేలితో తడిమిన తర్వాతే భాగాలు విప్పాలి. పని చేసే గదిలో అసలు తూటాలు ఉండకూడదు. కొత్త బ్యారెల్ మీద చెక్కిన క్యాలిబర్ పేరును చదివి మ్యాగజీన్ మీద ఉన్నదానితో పోల్చాలి. స్లైడును చేత్తో పలుమార్లు లాగి వదిలితే అది చివరిదాకా తనంతట మూసుకోవాలి. డమ్మీ తూటాలతో ఎక్కడం, బయటపడటం చూడాలి. తర్వాత రేంజిలో, కళ్లద్దాలు పెట్టుకుని, మొదట మ్యాగజీన్‌లో ఒకే తూటా, ఆ తర్వాత రెండు. ప్రతి ఖాళీ తొడుగును ఏరి చూడాలి. అడుగు పైన ఉబ్బు, పక్కన చీలిక, మూతి విచ్చుకోవడం కనిపిస్తే అక్కడితో ఆపి గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లడమే.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే ప్రమాదం భాగాలది కాదు, తూటాలు కలగలిసిపోవడం. ఎక్కువ పిస్టల్ తూటాలు ఛాంబర్‌లో నిలిచేది తొడుగు మూతి ఆనిన చోట. 9 మి.మీ. తూటా .40 ఛాంబర్‌లో ఆ ఆనిక లేకుండా లోపలికి జారి, ఎక్స్‌ట్రాక్టర్ పట్టు మీద వేలాడుతూ పేలగలదు. తొడుగు పగులుతుంది, వాయువు వెనక్కి చిమ్ముతుంది, బుల్లెట్ బ్యారెల్ లోపలి గాడులను పట్టుకోకుండా దొర్లుకుంటూ పోతుంది. .40 తూటా .45లో, .380 తూటా 9 మి.మీ.లో పడినా ఇదే కథ. ఒకే పిస్టల్‌కు రెండు బ్యారెళ్లు ఉన్న ఇంట్లో మ్యాగజీన్ల అడుగున రంగు పట్టీలు వేయడం, ఒకసారి రేంజికి ఒకే క్యాలిబర్ తూటాలు తీసుకెళ్లడం ఎంత చిన్న జాగ్రత్తలో అంత పనికొచ్చేవి.

చట్టం దగ్గర దేశాన్ని బట్టి తేడా చాలా ఉంది. అమెరికాలో ఫెడరల్ చట్టం ఫ్రేమునే తుపాకీగా లెక్కిస్తుంది. బ్యారెల్, స్లైడు విడిభాగాలు. కొన్ని రాష్ట్రాలకు సొంత నియమాలు ఉన్నాయి, అవి మారుతూ ఉంటాయి. హెచ్-1బీ లాంటి నాన్-ఇమిగ్రంట్ వీసా మీద అక్కడికి వెళ్లిన తెలుగువారికి ఇంకో సంగతి ముఖ్యం: వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఫెడరల్ చట్టం వారు తుపాకీని గానీ తూటాలను గానీ దగ్గర ఉంచుకోవడాన్నే నిషేధిస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఆ అడ్డంకి లేదు.

భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ‘ఆయుధాలు’ అన్న నిర్వచనంలోనే వాటి భాగాలను కూడా చేర్చింది. అంటే విడి బ్యారెల్ కూడా ఆయుధమే. దిగుమతికి లైసెన్సు కావాలి. మార్పిడికి, మరమ్మతుకు అయిదో సెక్షను కింద లైసెన్సు ఉన్నవారు కావాలి. లేకుండా చేస్తే 2019 సవరణ తర్వాత కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. 9 మి.మీ. ఇక్కడ నిషిద్ధ బోరు. సాధారణ లైసెన్సు మీద దొరికే పిస్టళ్లు, రివాల్వర్లలో .32 ఎక్కువ. లైసెన్సు పుస్తకంలో ఆయుధం బోరు కూడా నమోదై ఉంటుంది కాబట్టి, భాగాలు ఎంత చక్కగా కుదిరినా ఆ రాతకు సరిపోలని పిస్టల్ లైసెన్సు లేని పిస్టల్ కిందికే వస్తుంది. టెక్సాస్‌లో మామూలు విడిభాగంగా కొన్న బ్యారెల్‌ను పెట్టెలో పెట్టుకుని శంషాబాద్‌లో దిగిన ప్రయాణికుడు లైసెన్సు లేకుండా ఆయుధం దిగుమతి చేసినవాడవుతాడు.